మెట్ల నడుమ స్వరం

పరభాష నేర్చిన వానికి వ్యాకరణం పట్టుబడవచ్చును, నిఘంటువు కంఠస్థం కావచ్చును; యాస మాత్రం అంత తొందరగా లొంగదు. లిపిలో వ్రాయ వీలులేని ఒక సాగుడు, ఒక విరుపు, ఒక ఒదుగు ప్రతి భాషలోను ఉండును. శ్రీకాకుళం పలుకును కడప వాడు, కడప పలుకును కరీంనగరం వాడు విన్నంతనే పోల్చుకొనుట ఆ ఒదుగు వలననే. సంగీతానికి కూడ ఇట్టి యాస ఉన్నది. స్వరాల పేర్లు చెప్పినంత మాత్రాన అది చేతికి రాదు. స్వరానికీ స్వరానికీ నడుమ ఉన్న సన్నని సందులో అది వసించును.

ఐరోపా గిటారు మెడపై లోహపు మెట్లు బిగించి ఉండును. అవి ఒక స్థాయిని పన్నెండు సమాన భాగాలుగా విభజించును. మెట్టు ఉన్నచోట స్వరం పలుకును. మెట్టు లేనిచోట పలుకదు. టర్కీ దేశపు పాటకు కావలసిన స్వరాలు కొన్ని సరిగా ఆ లేనిచోటనే ఉన్నవి. ఆ పాట ఐరోపా వాద్యాలపై పలుకవలెనన్నచో ఎవరు మారవలెను? పాటయా, వాద్యమా? రెండున్నర శతాబ్దాలుగా స్వరకర్తలు ఒకరి తర్వాత ఒకరు ఈ ప్రశ్నకు సమాధానాలు చెప్పుచు వచ్చినారు. ఆ సమాధానాల చరిత్ర సంగీతం నేర్వని వారికి కూడ ఆలోచన కలిగించునట్టిది.

మకాం, ఉసూల్

టర్కీ శాస్త్రీయ సంగీతానికి ఆధారం ‘మకాం’. ఈ మాట తెలుగువారికి కొత్తది కాదు. ప్రయాణికుడు ఊరిలో మకాం వేసినాడని మనం అనునప్పటి మాటయే ఇది. అరబ్బీలో దానికి నిలిచిన చోటు అని అర్థం. మన భాషలోనికి అది బసగా వచ్చినది; టర్కీ సంగీతంలోనికి రాగంగా వెళ్లినది. రెండింటికీ పొంతన లేకపోలేదు. స్వరసంచారం ఎక్కడ ఆరంభం కావలెను, ఏ స్వరం మీద కొంతసేపు నిలువవలెను, ఏ స్వరం మీద విశ్రమించవలెను అను నియమాల సముదాయమే మకాం. విశ్రాంతి స్వరాన్ని ‘దురాక్’ అందురు. బలమైన మధ్యస్వరాన్ని ‘గుచ్లు’ అందురు. సంచార క్రమాన్ని ‘సెయిర్’ అందురు. రాగానికి ఆరోహణావరోహణలు మాత్రమే చాలవనియు, జీవస్వరాలు, న్యాసాలు, సంచారాలు తెలిసినప్పుడే రాగస్వరూపం తెలియుననియు ఎరిగిన మన విద్యార్థికి ఈ భావన సులభంగానే బోధపడును. మన ఆలాపనకు సాటియైన తాళరహిత మనోధర్మ ప్రక్రియ కూడ అక్కడ ఉన్నది. దాని పేరు ‘తక్సీం’. హిజాజ్ అను మకాం యొక్క పూర్వాంగం మన మాయామాళవగౌళ పూర్వాంగాన్ని తలపించును. రెండూ ఒకటే అని మాత్రం అనరాదు. స్వరస్థానాలలో సూక్ష్మమైన తేడా ఉన్నది.

ఆ సూక్ష్మభేదాన్ని కొలుచుటకు అక్కడి శాస్త్రజ్ఞులు ‘కోమా’ అను కొలతను వాడుదురు. షడ్జం నుండి చతుశ్రుతి రిషభం వరకు ఉన్నటువంటి పూర్ణాంతరం తొమ్మిది కోమాలు. స్థాయిలో అట్టి పూర్ణాంతరాలు ఐదు, నాలుగేసి కోమాల చిన్న అంతరాలు రెండు. వెరసి 53 కోమాలు. గిటారు మెట్టు ఆ తొమ్మిదింటిని ఇంచుమించు సగానికి, అనగా నాలుగున్నర దగ్గర, విరుచును. టర్కీ పాట ఒకచోట నాలుగు కోరును, ఒకచోట ఐదు కోరును, మరొకచోట ఎనిమిది కోరును. ఉష్షాక్ అను మకాంలో రెండవ స్వరం వ్రాతలో ఒక కోమా తగ్గించినట్లు చూపబడును. పాడువారు దానిని అంతకంటెను క్రిందికి దించుదురు. వ్రాతకు లొంగని ఆ దింపులోనే మకాం యొక్క కరుణ ఉన్నది.

తాళాన్ని ‘ఉసూల్’ అందురు. వానిలో ఐరోపా వారిని ఎక్కువగా తికమక పెట్టినవి ‘అక్సాక్’ లయలు. ఆ మాటకు కుంటుచు నడచునది అని అర్థం. తొమ్మిది మాత్రలను మూడేసిగా మూడు భాగాలు చేయుట ఐరోపాకు అలవాటు. అక్సాక్‌లో అవి 2, 2, 2, 3గా విరుగును. గణవిభజన నేర్చిన తెలుగు విద్యార్థి ఈ లెక్కను చేతితో చరచి చూడవచ్చును. మూడు పొట్టి అడుగులు వేసి నాలుగవది కొంచెం సాగదీసినచో ఆ నడక తెలియును. సంకీర్ణజాతిలో తొమ్మిది అక్షరాలను లెక్కించు మన మృదంగ విద్యార్థికి ఇది చుట్టపుచూపుగా వచ్చిన బంధువు వంటిది. ఈ లయ బాల్కను దేశాల పల్లెలలో కూడ విరివిగా ఉన్నది. దీనిని శాస్త్రీయంగా వర్గీకరించిన రుమేనియా పండితుడు బ్రాయిలోయు 1951 ప్రాంతంలో టర్కీ మాటనే పారిభాషిక పదంగా స్వీకరించినారు.

కోట వెలుపల విన్న డప్పు

ఐరోపా మొదట విన్నది ఈ సూక్ష్మ సంగీతాన్ని కాదు; సైన్యపు వాద్యాలను. ఆటోమన్ సేనల వెంట నడచు ‘మెహ్తర్’ బృందాల పెద్ద డోళ్లు, తాళాలు, నగారాలు, సన్నాయిల వంటి వాద్యాలు 1683లో వియన్నా ముట్టడి నాటికి ఆ నగరవాసుల చెవులలో భయంగా నాటుకొన్నవి. భయం తీరిన తర్వాత అదే ధ్వని వేడుకయైనది. మొజార్టు 1775లో రచించిన ఐదవ వయొలిన్ కాన్చెర్తో చివరి భాగంలో ‘టర్కీ’ ఘట్టం ఒకటి ఉన్నది. అందులో చెల్లోలు, బాసులు వాయించువారు కమాను వెంట్రుకలతో గాక, దాని కర్రతోనే తంతులను కొట్టవలెను. డప్పుమోత కోసం చేసిన చమత్కారమది. 1784లో అచ్చయిన ఆయన పియానో సొనాటా చివరనున్న టర్కీ బాణీ నేటికిని పిల్లలు నేర్చు పాఠమే. ఆ వేలంవెర్రి ఎంతవరకు పోయినదనగా, కాలితో తొక్కినచో డప్పు, గంటలు మ్రోగు పియానోలను వియన్నాలో తయారు చేసినారు.

ఇవి రమ్యమైన రచనలు. అయినను వీనిలో మకాం లేదు, కోమా లేదు, అక్సాక్ లేదు. పరదేశి వేషం వేసిన నటుడు తలపాగా పెట్టుకొన్నాడు గాని, మాట మాత్రం తన ఇంటి మాటయే మాట్లాడినాడు. చరిత్రలోని వ్యంగ్యమేమనగా, ఐరోపా ఇట్లు మెహ్తర్‌ను అనుకరించుచుండగా ఇస్తాంబులులో ఆ సంప్రదాయమే తెగిపోయినది. 1826లో సుల్తాను రెండవ మహమూదు జానిసరీ సేనను రద్దు చేసినప్పుడు దానితోపాటు మెహ్తర్ కూడ మూగపోయినది. దాని స్థానంలో ఐరోపా పద్ధతి బాండు నడుపుటకు 1828లో ఇటలీ నుండి వచ్చినవారు జుసెప్పే దోనిజెట్టి. ప్రసిద్ధ నాటకసంగీతకర్త గయెటానో దోనిజెట్టికి ఈయన అన్నగారు.

మూగపోయిన రేడియో

1923లో టర్కీ గణతంత్రమైన తర్వాత పాట రాజకీయ విషయమైనది. జాతి నవీనం కావలెనన్నచో సంగీతం కూడ నవీనం కావలెనని నాయకులు తలచినారు. పల్లెపాటను సేకరించి, దానికి పాశ్చాత్య స్వరమేళనం జోడించినచో జాతీయ సంగీతం పుట్టునని వారి ఆశ. ఆస్థానపు మకాం సంగీతం గతకాలపు అవశేషమని వారికి తోచినది. 1934 నవంబరులో అతాతుర్క్ శాసనసభలో చేసిన ప్రసంగం వెంటనే రేడియోలో ఆ సంగీతాన్ని నిషేధించినారు. సుమారు ఇరవై నెలలపాటు ఇస్తాంబులు, అంకారా కేంద్రాలలో అది వినరాలేదు. శ్రోతలు ఊరకుండలేదు, కైరో కేంద్రం వైపు ముల్లు త్రిప్పినారు. 1936లో నిషేధం తొలగినది.

ఈ కథ వినునప్పుడు మన దేశంలో జరిగిన ఒక సంగతి గుర్తుకు రాక మానదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియం వాద్యాన్ని నిషేధించినది. పన్నెండు స్థిరమైన మెట్ల ఆ పరదేశి వాద్యంపై గమకం పలుకదనియు, మన శ్రుతులు చెడుననియు దానిపై నేరారోపణ. 1971లో గాని ఆ నిషేధం సడలలేదు. టర్కీలో కొత్తదనం పేరిట సొంత సంగీతాన్ని వెలివేసినారు. ఇక్కడ సొంత సంగీతం పేరిట కొత్త వాద్యాన్ని వెలివేసినారు. కారణాలు పరస్పర విరుద్ధాలు, సాధనం ఒకటే. రెండుచోట్లను ప్రజల చెవి శాసనానికి లోబడలేదు. ఇంటింట హార్మోనియం మ్రోగుచునే ఉన్నది; నాటకరంగం మీద పద్యం దాని అండనే పాడబడినది.

ఆ కాలంలోనే విదేశాలలో చదివి వచ్చిన ఐదుగురు స్వరకర్తలు ‘టర్కీ పంచకం’ అని పేరుపొందినారు. జెమాల్ రెషిత్ రేయ్, హసన్ ఫెరిత్ అల్నార్, ఉల్వి జెమాల్ ఎర్కిన్, అహ్మద్ అద్నాన్ సైగున్, నెజిల్ కాజిమ్ అక్సెస్ ఆ ఐదుగురు. వీరిలో అల్నార్ బాల్యంలోనే ‘కానూన్’ అను బహుతంత్రీ వాద్యంలో ఆరితేరినవారు. తర్వాత ఆ వాద్యానికి తంత్రీవాద్య బృందంతో కాన్చెర్తో రచించినారు. వెలివేయబడిన వాద్యాన్ని సభామధ్యంలో కూర్చుండబెట్టుట అనదగిన పని అది.

పల్లెకు పోయిన పండితులు

1936 నవంబరులో హంగేరీ స్వరకర్త బేలా బార్టోక్ అంకారా ప్రజాభవనం ఆహ్వానంపై టర్కీకి వచ్చినారు. అప్పటికి ఆయన తన దేశంలోను, పొరుగు దేశాలలోను వేలకొలది జానపద గేయాలు సేకరించియున్నారు. ఆయనకు తోడుగా, దుబాసిగా వెళ్లినవారు ఇరవైతొమ్మిదేండ్ల సైగున్. మైనపు గొట్టాలపై ధ్వనిని గీయు ఫోనోగ్రాఫు యంత్రాన్ని మోసుకొని, ఇద్దరూ దక్షిణాన అదనా, ఉస్మానియే ప్రాంతపు పల్లెలలోను, యూరుక్ సంచారజాతుల విడుదులలోను తిరిగినారు. పరపురుషుల ముందు స్త్రీలు పాడుటకు వెనుదీయుటచే వారి పాటలు ఇంచుమించుగా దొరకలేదు. ఉస్మానియేలో ఒక వృద్ధుడు ఎత్తుకొన్న మొదటి పాటలోనే బార్టోక్‌కు తన హంగేరీ పల్లెల పాత బాణీ ఒకటి వినవచ్చినది. ఎంతో దూరంలో, వేరొక మతంలో, వేరొక భాషలో చుట్టరికం బయటపడినది.

బార్టోక్ చేసిన పనిలో విశేషమేమనగా, ఆయన పాటను సవరించుటకు పోలేదు, వినుటకు పోయినారు. విన్నదానిని విన్నట్లే, ప్రతి కంపనను, ప్రతి జారును గుర్తులతో వ్రాసినారు. మొజార్టుకు కోట వెలుపలి డప్పు వినబడినది; బార్టోక్‌కు గుడారంలోపలి గొంతు వినబడినది. మధ్య ఐరోపాను యుద్ధమేఘాలు కమ్ముకొనుచున్నప్పుడు ఆయన టర్కీలోనే స్థిరపడవలెనని కూడ తలపోసినారు. అది కుదరలేదు. 1940లో అమెరికా చేరి, 1945లో అక్కడనే కన్నుమూసినారు. ఆ యాత్రాఫలమైన గ్రంథం 1976లో గాని వెలుగు చూడలేదు.

సైగున్‌కు ఆ ప్రయాణం ఒక పాఠశాల. ఆయన 1947లో తొలి క్వార్టెట్ రచించినారు. రెండు వయొలిన్‌లు, ఒక వియోలా, ఒక చెల్లో కలిసిన నాలుగు వాద్యాల గోష్ఠికి క్వార్టెట్ అని పేరు. పెద్ద వాద్యబృందంలో ఒకే పాత్రను పదిమంది కలిసి వాయింతురు. ఇటువంటి గోష్ఠీ సంగీతంలో, అనగా ఛేంబర్ సంగీతంలో, ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్కరే. అందుచేత దాచుకొనుటకు చోటు లేదు. నలుగురు విజ్ఞులు ఒక గదిలో కూర్చుండి సంభాషించుచున్నట్లుండును.

ఇచ్చటనే అసలు చిక్కు వచ్చినది. వయొలిన్‌కు మెట్లు లేవు గనుక కోమా పలికించుటకు అడ్డు లేదు. కాని మకాం ఒంటి గొంతు సంగీతం. దాని సౌందర్యమంతా ఒక్క గీతలోనే నడచును. క్వార్టెట్ నాలుగు గొంతుల సంగీతం. ఒక కోమా దిగిన స్వరంపై మరి రెండు స్వరాలను పాశ్చాత్య పద్ధతిలో పేర్చినచో అవి ఒరుసుకొనును. వినువానికి అది అపశ్రుతిగా తోచును. కోమాను వదిలినచో యాస పోవును. ఉంచినచో కూర్పు చెడును. కెమాల్ ఇలెరిజి అను శాస్త్రజ్ఞుడు మూడేసి స్వరాల దూరంలో పేర్చుటకు బదులు నాలుగేసి దూరంలో పేర్చు స్వరమేళన పద్ధతినొకదానిని రూపొందించినారు. ఆ పద్ధతి టర్కీ బాణీలకు ఎక్కువ ఒదిగినదని అనేకులు అనుసరించినారు. సైగున్ దారి వేరు. ఆయన చాలవరకు కోమాలను వదలినారు. మకాం యొక్క నడకను, అది తడవి తడవి ఒక స్వరం చుట్టు తిరుగు తీరును, అక్సాక్ లయను పట్టుకొన్నారు. రెండవ క్వార్టెట్ 1957లోను, మూడవది 1966లోను వచ్చినవి. నాలుగవదానిలో రెండు భాగాలే పూర్తియైనవి. 1991లో ఆయన మరణించినారు. సగంలో ఆగిన ఆ రచన ఈ ప్రశ్నకు ముగింపు లేదని చెప్పుచున్నట్లున్నది.

కళ్లులేని కవి సాజ్

గిటారు కథకు రావలెనన్నచో ముందుగా ‘సాజ్’ కథ తెలియవలెను. బాలమా అని కూడ పిలువబడు ఈ వాద్యానికి బేరిపండును నిలువుగా కోసినట్టి చిన్న బుర్ర, పొడవైన సన్నని మెడ, మూడు వరుసల తంతులు ఉండును. దాని మెట్లు లోహపువి కావు. మెడ చుట్టు దారంతో కట్టినవి. వానిని జరుపవచ్చును. ఒక స్థాయిలో పన్నెండుకు బదులు సాధారణంగా పదిహేడు మెట్లు ఉండును. మన వీణకు కూడ స్థాయికి పన్నెండు మెట్లే. కాని తీగను ప్రక్కకు లాగి వైణికుడు నడిమి స్వరాలను పలికించును. వీణ లాగి సాధించినదానిని సాజ్ అదనపు మెట్లు కట్టి సాధించినది. నైలాను తంతుల గిటారుకు అంత లాగుడు లేదు, కట్టుకొన మెట్లును లేవు. అదియే దాని పేదరికం.

తంబుర మీటుచు తత్త్వాలు పాడు గాయకుల వంటివారు అనటోలియా పల్లెలలో ‘ఆషిక్’లు. వారిలో ఇరువదవ శతాబ్దపు మహాకవి ఆషిక్ వెయ్‌సెల్. సివాస్ మండలంలో సివ్రియలాన్ అను కుగ్రామంలో 1894లో జన్మించినారు. ఏడేండ్ల వయస్సులో మశూచి ఒక కంటిని బలిగొన్నది. ఆ తర్వాత ప్రమాదంలో రెండవది పోయినది. బిడ్డకు కాలక్షేపమగునని తండ్రి ఒక సాజ్ తెచ్చియిచ్చినాడు. సివాస్‌లో విద్యాశాఖలో పనిచేయుచున్న కవి అహ్మద్ కుత్సి తెజెర్ 1931లో జానపద కవుల ఉత్సవం జరిపినప్పుడు వెయ్‌సెల్ పేరు వెలుగులోనికి వచ్చినది. గణతంత్ర దశమ వార్షికోత్సవానికి తన పద్యం వినిపించవలెనని 1933లో ఆయన అంకారాకు కాలినడకన పోయినారు. తర్వాత గ్రామీణ శిక్షణ విద్యాలయాలలో సాజ్ ఉపాధ్యాయుడైనారు. పల్లెల నుండి వచ్చిన బాలబాలికలు, రేపటి ఉపాధ్యాయులు, ఆ అంధగురువు వద్ద తమ పల్లె పాటనే పాఠంగా నేర్చుకొన్నారు. నగరాల రేడియోలో ఆస్థాన సంగీతం మూగపోయిన కాలానికి కొన్నేండ్ల తర్వాత బడిలో జరిగిన ఈ పని తక్కువది కాదు. 1973లో ఆయన మరణించినారు.

శ్రుతి మార్చుకొన్న గిటారు

కార్లో దొమెనికోని 1947లో ఇటలీలోని చెజెనాలో జన్మించిన గిటారు విద్వాంసుడు. బెర్లినులో చదివి, 1977 నుండి మూడేండ్లు ఇస్తాంబులు సంగీత విద్యాలయంలో గిటారు బోధించినారు. నేర్పుటకు పోయినవారు నేర్చుకొని వచ్చినారు. 1982లో వెయ్‌సెల్ యొక్క ప్రసిద్ధ గీతాన్ని, మనిషి బ్రతుకును సన్నని సుదీర్ఘ మార్గంగా భావించిన పాటను, గిటారుపై ఇతివృత్తంగా గ్రహించి వైవిధ్యాలు రచించినారు. మూడు వరుసల తంతుల పాట ఆరు తంతులపై పలికినది.

1985లో వచ్చిన ‘కొయున్‌బాబా’ అంతకంటె గాఢమైన రచన. ఆ పేరుకు గొర్రెల తండ్రి అని అర్థం. పదిహేనవ శతాబ్దపు ఒక సాధువుకు ఆ పేరు ఉన్నది. నాలుగు భాగాలుగా మంద్రంగా ఆరంభమై, చివరకు ప్రవాహవేగంతో ముగియు ఈ రచనకు ముందు గిటారు వాద్యగాడు చేయవలసిన మొదటి పని, వాద్యం శ్రుతిని మార్చుట. సాధారణంగా గిటారు తంతులు ఇ, ఎ, డి, జి, బి, ఇ అను స్వరాలకు బిగింపబడును. ఇక్కడ ఐదు తంతులను మార్చి సి-షార్ప్, జి-షార్ప్, సి-షార్ప్, జి-షార్ప్, సి-షార్ప్, ఇ అని చేయవలెను. సి-షార్ప్‌ను షడ్జమని భావించినచో ఇది స, ప, స, ప, స, ఆపైన సాధారణ గాంధారం. మన వయొలిన్ విద్వాంసుడు ఈ వరుసను చూచినచో చిరునవ్వు నవ్వును. ఐరోపా వయొలిన్‌ను ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మన సంగీతానికి తెచ్చినారు. నేలపై కూర్చుండి, వాద్యపు తలను పాదంపై ఆనించి వాయించు మన కచ్చేరీలలో దాని తంతుల శ్రుతి కూడ స, ప, స, ప అయినది. పరస్పర పరిచయం లేని రెండు చోట్ల, ఆధారషడ్జం మ్రోగుచుండగా రాగం పాడవలసిన అవసరం పడినప్పుడు, వాద్యాలు ఒకే విధంగా తలవంచినవి.

శ్రుతి మారగానే గిటారు స్వభావమే మారినది. వ్రేలు పెట్టని తంతులన్నియు షడ్జపంచమాలై తంబురవలె మ్రోగును. వానిపై ఒక్క గొంతు పాట సాజ్ మీద వలె తిరుగును. స్వరాలను పేర్చి మేళవించు తొందర తగ్గినది. నిలిచి వినిపించు ఓపిక వచ్చినది. అక్కడ టర్కీ పాట వేషం వేసుకొని రాలేదు. పాట వచ్చి కూర్చుండుటకు వాద్యం తన ఇంటిని సర్దుకొన్నది. జాన్ విలియమ్స్ వంటి ప్రముఖులు దానిని రికార్డు చేయుటతో అది దేశదేశాల గిటారు కచ్చేరీలకు వ్యాపించినది. ఫజిల్ సాయ్ 1997లో రచించిన ‘నల్ల నేల’ అను పియానో కృతి కూడ ఈ కోవలోనిదే. వెయ్‌సెల్ పాట నుండి పుట్టిన ఆ రచనలో వాద్యగాడు ఒక చేతిని పియానో లోపలికి చాచి తంతులను అదిమి పట్టును. పియానో గొంతు బిగిసి సాజ్ గొంతు వలె వినిపించును.

మెట్లు ఊడినవి, మెట్లు కదిలినవి

అయినను కొయున్‌బాబాలో తంతుల శ్రుతి మాత్రమే మారినది. మెట్లు పన్నెండే, కోమా ఇంకను వెలుపలనే ఉన్నది. ఆ తలుపు తెరచినవారు టర్కీ వారే. ఎర్కాన్ ఓవూర్ 1976లో గిటారు మెడపై మెట్లు లేకుండ చేసినారు. మెట్టు లేని గిటారుపై వ్రేలు ఎక్కడ నిలిచిన అక్కడ స్వరం. కోమాలన్నియు చేతికి వచ్చినవి, జారుడు వచ్చినది, తక్సీం సాధ్యమైనది. కాని మూల్యం చెల్లించవలసి వచ్చినది. అనేక తంతులను ఒకేసారి నొక్కి స్వరాలను పేర్చుట కష్టమైనది. ధ్వని నిలుకడ తగ్గినది. గిటారు తన పాండిత్యంలో ఒక భాగాన్ని వదలుకొని పాటను సంపాదించినది.

తోల్గహాన్ చోవులు 2008లో మూడవ మార్గం త్రొక్కినారు. ప్రతి తంతువు క్రింద చిన్న కాలువ తవ్వి, అందులో విడివిడిగా జరుపదగిన మెట్టు ముక్కలను అమర్చిన గిటారును ఆయన రూపొందించినారు. కావలసినచోట కొత్త ముక్కను చేర్చవచ్చును, అక్కరలేనిచోట తీయవచ్చును. సాజ్ మెడపై దారం కట్టిన పల్లెవాని ఉపాయమే ఇది. ఇప్పుడు గిటారు మెడపైకి వచ్చినది. ఇస్తాంబులు సాంకేతిక విశ్వవిద్యాలయపు టర్కీ సంగీత విద్యాలయంలో ఆయన అధ్యాపకులు. 2014లో అమెరికాలోని జార్జియా టెక్ సంస్థ నిర్వహించిన నూతన వాద్యాల పోటీలో ఈ గిటారుకు ప్రథమ బహుమతి లభించినది. పిల్లలు ఆడుకొను లెగో ముక్కలతో మెట్లు పేర్చిన గిటారును కూడ 2021లో ఆయన తన కుమారునితో కలిసి ప్రదర్శించినారు. ఇంత సౌకర్యం ఉన్నను కష్టం తప్పలేదు. ఒక మకాంకు అమర్చిన మెట్లు మరొక మకాంకు పనికిరావు. పాట మారినప్పుడు మెట్లు మారవలెను. యాస ఊరికే రాదు.

ఎవరు మారవలెను?

ఈ కథలో ఎవరినీ తప్పుపట్టవలసిన పని లేదు. మొజార్టు వేషం కట్టినాడు. అది అందమైన వేషం. సైగున్ కోమాను వదలినాడు, నడకను నిలిపినాడు. దొమెనికోని శ్రుతి మార్చినాడు, ఓవూర్ మెట్లు తీసినాడు, చోవులు మెట్లను కదిలించినాడు. ప్రతి ఒక్కరు ఏదో ఒకటి పోగొట్టుకొనియే ఏదో ఒకటి పొందినారు. తేడా అంతా పోగొట్టుకొనినది ఎవరి సొత్తు అనుటలో ఉన్నది. పరుల పాటను తన కొలతకు కత్తిరించినవాడు పాటను పోగొట్టును. తన అలవాటును కత్తిరించుకొన్నవాడు పాటను పొందును.

కాలం గడిచిన కొలది చూచినచో, మార్పు భారం పాట మీద నుండి వాద్యం మీదికి నెమ్మదిగా జరిగినదని తెలియును. రేడియోను మూగజేసిన శాసనం ఈ పని చేయలేదు. పల్లెలో మైనపు గొట్టం ముందు చెవి యొగ్గి కూర్చున్న ఇద్దరు పండితులు, పల్లెబిడ్డలకు సాజ్ నేర్పిన ఒక అంధగురువు, బోధించుటకు పోయి శిష్యుడై తిరిగి వచ్చిన ఒక అధ్యాపకుడు చేసినారు. బడిలో పిల్లవాని ఇంటి పలుకు పుస్తకపు అక్షరానికి లొంగనప్పుడు ఉపాధ్యాయునికి కూడ ఇదే పరీక్ష ఎదురగును. పిల్లవాని పలుకును కొట్టివేయుట సులభం. అక్షరానికీ అక్షరానికీ నడుమ ఉన్న ఆ సందులో చెవి యొగ్గి వినుట కష్టం. విన్నవానికి అక్కడ ఒక స్వరం దొరకును.